ముప్పై ఒకటో నంబరు బిళ్ళ

మా అమ్మ నన్ను ఎమిలీ మేడమ్ దగ్గరికి పంపింది కుట్టు నేర్చుకోమని. మూడు నెలలు వెళ్ళినా నాకు కాజాలు తిన్నగా రాలేదు. నెవాడా మాత్రం బాగా వచ్చింది.

నెవాడా అంటే అమెరికాలో పడమటి వైపు ఉన్న ఒక రాష్ట్రం. రైల్వే బడిలో నేను చదివిన ఏడు తరగతుల్లోనూ ఆ పేరు ఎక్కడా తగల్లేదు. మా రైల్వే ఊళ్ళో, పాత బంగళాలుండే ఓల్డ్ సెటిల్‌మెంట్లో మేడమ్ బంగళా వరండాలో, కుట్టుమిషను పక్కనే, అట్ట ఊడిన బొమ్మల పుస్తకం ఒకటి ఉండేది. అందులో చెట్టన్నది లేని కొండలు. బూడిదరంగు పొదలు. బల్లచెక్కలు పరిచిన వీధులు, వాటి మీద పెద్ద టోపీలు పెట్టుకున్న మగాళ్ళు. ఆ దేశంలో ఏడాదికి నాలుగు వానలు పడితే గొప్పట. పడిన రోజున ఆ పొదలన్నీ తడిసి, నేలంతా కర్పూరం కలిసిన చేదు వాసన వేస్తుందట. అది మేడమ్ చదివి చెబుతుంటే నేను నిజంగానే గట్టిగా ఊపిరి పీల్చేదాన్ని. బొగ్గు పొగ వాసనే వచ్చేది.

మేడమ్ ఆంగ్లో ఇండియన్. ఇంజను డ్రైవరు గారి కూతురు. పెళ్ళి చేసుకోలేదు. సగం తెలుగు, సగం హిందీ మాట్లాడేది.

"ఆ కొండ కడుపులో చాందీ ఉంది సత్యా, వెండి. దాని కోసం తవ్వుకుంటూ పోయారు. ఊపర్ ఒక టౌన్, నీచే ఇంకో టౌన్. ఆ కింద నీళ్ళు ఉడుకుతూ ఉంటాయి. ఐసు గడ్డలు పట్టుకుని పని చేసేవారు మనుషులు. సమ్‌ఝీ? ఏయ్, సూది చూసుకో, వేలు కుట్టేసుకుంటావ్!"

అక్కడ రైలు పట్టాలు వేసింది చైనా కూలీలట. ఎడారిలో చచ్చిపోయినవాళ్ళని పట్టాల పక్కనే పూడ్చేసేవారు. కొన్నేళ్ళ తర్వాత వాళ్ళ మనుషులు వచ్చి, మట్టి తవ్వి, ఎముకలు ఏరి, కడిగి, పెట్టెల్లో సర్ది, ఓడెక్కించి ఇంటికి తీసుకెళ్ళేవారట. అది విన్న రోజు నాకు అన్నం సయించలేదు. మా తాత కూడా టెక్కలి నుంచి ఈ బెంగాలీ దేశం వచ్చి ఈ పట్టాల మీద పని చేసినవాడే. ఆయన్ని ఎక్కడ పెట్టారో మా నాన్నకే తెలీదు. నాకు చిన్నప్పట్నుంచీ ఇంతే, ఎవరి కథ విన్నా వాళ్ళింట్లో మనిషినైపోతాను.

ఈ కబుర్లన్నీ మేడమ్‌కి చెప్పినవాడు వెస్లీ. యుద్ధం రోజుల్లో మా ఊరి పక్కన హిజ్లీ వైపు అమెరికా సిపాయిలు దిగినప్పుడు వచ్చిన నెవాడా కుర్రాడు. ఆరు నెలలు మేడమ్‌తో రైల్వే ఇన్‌స్టిట్యూట్‌ క్లబ్బులో డాన్సు చేసి, ఒక పొద్దున విమానమెక్కి చైనా వైపు వెళ్ళాడు. తిరిగి రాలేదు. నేను కుట్టుకి వెళ్ళింది ఈ యాభై తొమ్మిది మొదట్లో. అప్పటికి పదిహేనేళ్ళయింది. అయినా మేడమ్ కొత్త గౌను కుట్టుకుంటే ముందు అతని ఫొటోకి చూపించేది.

అతను ఆమెకిచ్చిన గుర్తు ఉంగరం కాదు. ఇత్తడి బిళ్ళ. రూపాయి కంటే కొంచెం పెద్దది. పైన చిల్లు, మధ్యలో 31 అని అంకె.

"వాళ్ళ నాన్నది," అంది మేడమ్ ఒకసారి, దాన్ని గౌను అంచుతో తుడుస్తూ. "గనిలో రెండు బోర్డులు. దిగేటప్పుడు నీ బిళ్ళ కింద బోర్డుకి తగిలించాలి. బయటికొచ్చాక తీసి పై బోర్డుకి. వెస్లీకి ఆరేళ్ళప్పుడు గని కూలింది. అందరి బిళ్ళలూ పైకొచ్చాయి. ముప్పై ఒకటి రాలేదు. మనిషి దొరకలేదు. గని మూసేశారు."

"మరి బిళ్ళ మీకెలా వచ్చింది?"

"వాళ్ళమ్మ ఇంటికి తెచ్చేసుకుంది. దీన్ని ఏ పై బోర్డుకీ తగిలించకూడదు అని వెస్లీకి చెప్పింది. ఆ ఊళ్ళో ఒక నమ్మకం. బిళ్ళ పైకెళ్తే మనిషి పైకొస్తాడు. వస్తే మంచిదే కదా అంటావా? అతని చోట్లోకి ఇంకొకడు దిగాలి. కింద చోటు ఖాళీగా ఉండదు. నీచే జాగా ఖాలీ నహీ రెహతా." మేడమ్ బిళ్ళని పెట్టెలో పెట్టి మూత వేసింది. "చల్, చల్. కాజా కుట్టు."

ఆ రాత్రి నేను ఆ మనిషి కోసం ఏడ్చాను. ముప్పై ఏళ్ళుగా చీకట్లో, ఉడుకు నీళ్ళలో, పైన వాన పడిందో లేదో కూడా తెలీకుండా... అతని బిళ్ళ ఒక్కసారి గుండెల మీద పెట్టుకుంటే చాలనిపించింది. అడిగితే మేడమ్ ఇవ్వదు. అందుకని ఒక మంగళవారం, ఆమె వంటింట్లో ఉండగా, పెట్టె తెరిచి రుమాల్లో చుట్టి తెచ్చేశాను. రెండు రోజుల్లో పెట్టేద్దామనే అనుకున్నాను. ఒట్టు.

ఆ సాయంత్రం మా క్వార్టర్‌కి గోవిందరావు బావ వచ్చాడు. మా మేనత్త కొడుకు. వర్క్‌షాపులో ఫిట్టరు. జ్యేష్ఠ మాసంలో మా పెళ్ళి. రోజూ డ్యూటీ దిగి మా ఇంటి మీదుగా టీ తాగి వెళ్ళేవాడు.

"ఏటే సత్యా, నీ అమెరికా మొగుడు ఏటంతన్నాడు?"

"నీలాగ నూనె కంపు కొట్టడు."

"ఆ ఎడారిలో నీళ్ళే నేవంట గదా. తానం సేసి ఎన్నాళ్ళయిందో కనుక్కో ముందు."

మా అమ్మ పొయ్యి దగ్గర్నుంచి నవ్వింది. నేను బిళ్ళ అతని చేతిలో పెట్టాను. "బావా, దీనికి సిన్న రింగు ఏసి పెట్టవా? గొలుసులో ఏసుకుంతాను."

బావ దాన్ని తిప్పి చూశాడు. "అచ్చం మా టోకెన్లాగే ఉన్నాదే. ఏ షాపుది?"

"ఎమిలీ మేడమ్‌ది," అన్నాను. కథ చెప్పలేదు. చెబితే వారం రోజులు ఏడిపిస్తాడు. రేపు వర్క్‌షాపులో రింగు వేసి తెస్తానని బిళ్ళ జేబులో వేసుకున్నాడు.

మా వర్క్‌షాపులో కూడా పనివాళ్ళకి ఇత్తడి టోకెన్లు ఉంటాయి. గేటు దగ్గర పెద్ద చెక్క బోర్డు, దానికి వరసగా మేకులు. పొద్దున లోపలికెళ్ళేవాడు తన మేకు మీది టోకెను తీసుకుని వెళ్ళాలి. సాయంత్రం బయటికొస్తూ మళ్ళీ అక్కడే తగిలించాలి. మేకు ఖాళీగా ఉంటే మనిషి లోపలున్నట్టు. బావది 1147. ఈ పద్ధతి నాకు పుట్టినప్పట్నుంచీ తెలుసు. అయినా ఆ రోజు నా బుర్రకి తట్టలేదు.

మర్నాడు బుధవారం. నాలుగు గంటలకే వాయవ్యం మూల నల్లబడింది. కాలబైశాఖి గాలివాన మాకు కొత్త కాదు, చైత్రం వెళ్ళాక వారానికొకటి వస్తుంది. కానీ ఆ రోజు ముందు గాలి రాలేదు. ముందు చప్పుళ్ళు పోయాయి. యార్డులో షంటింగు చప్పుడు, కాకులు, పక్క క్వార్టర్ల లైన్లో రేడియో... ఒక్కొక్కటే ఎవరో నోరు నొక్కినట్టు ఆగిపోయాయి. తర్వాత దుమ్ము. తర్వాత చీకటి. పట్టపగలు దీపం పెట్టుకునేంత చీకటి.

అమ్మ కుళాయికి వెళ్ళి పక్క లైన్లో ఎవరింట్లోనో చిక్కుకుపోయింది. నాన్న లైను పని మీద బాలాసోర్‌లో ఉన్నాడు. నేనొక్కదాన్నే. వర్క్‌షాపు వదిలే నాలుగున్నర సైరను గాలికి చీలిపోయి, దూరంగా ఎవరో ఏడుస్తున్నట్టు వినపడింది. హమ్మయ్య, బావ వస్తాడు అనుకున్నాను. పొయ్యి మీద టీ నీళ్ళు పెట్టాను. లాంతరు రెండుసార్లు ఆరిపోయింది. మూడోసారి వెలిగించలేదు.

వాన మొదలైంది. రేకుల మీద వాన చప్పుడులో ఇంకేమీ వినపడదు. అయినా ఆ చప్పుడు వినపడింది.

టక్... టక్... టక్.

తలుపు మీద కొట్టినట్టు లేదు. గడప కింద నుంచి కొట్టినట్టుంది.

తలుపు తీశాను. వాకిట్లో వానలో మనిషి. తల వంచుకుని, నడుం వంచుకుని, ఆకాశం మరీ కిందికి ఉన్నట్టు నిలబడ్డాడు.

"లోపలికి రా బావా. తడిసిపోతన్నావ్."

కదల్లేదు. ముందు వాసన వచ్చింది. కొవ్వొత్తి ఆర్పినప్పటి వాసన. తడి రాయి వాసన. ఆ వెనక సన్నగా, చేదుగా, కర్పూరంలాగా... నా ఒళ్ళు జల్లుమంది, భయంతో కాదు. ఆ వాసన నాకు తెలుసనిపించింది. ఎప్పుడూ చూడకుండానే.

అతను చెయ్యి చాచాడు. అరచేతిలో బిళ్ళ.

"రింగు ఏసినావా?" అని తీసుకున్నాను. మంచులా ఉంది. చీకట్లో బొటనవేలితో తడిమాను. రింగు లేదు. ఒకటి... మళ్ళీ ఒకటి... నాలుగు... ఏడు.

"ఇదేటి బావా, నీ టోకెన్ నాకిస్తన్నావేటి?"

అతను గుసగుసగా ఏదో అన్నాడు. గొంతు నిండా ఇసక ఉన్నట్టుంది. మేడమ్ నేర్పిన నాలుగు ముక్కల ఇంగ్లీషులో ఆ రెండు ముక్కలూ ఉన్నాయి.

"నాట్ మైన్." నాది కాదు.

మెరిసింది.

ముఖం కనపడలేదు. ముఖం మీద ధూళి కనపడింది. పిండిలాంటి బూడిద ధూళి. దాని మీద వాన పడుతోంది, బురదై కారుతోంది, గెడ్డం నుంచి ధార కట్టి పోతోంది. ఎంత కారినా తరగడం లేదు. లోపల్నుంచి ఊరుతున్నట్టు.

నేను అరవలేదు. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను. అతను నన్ను బెదిరించడానికి రాలేదు. పొరపాటున తన దగ్గరికి వచ్చిన వేరేవాళ్ళ వస్తువు ఇచ్చి పోడానికి వచ్చాడు, అంతే. ఆ చెయ్యి చాచిన తీరులో నాకు తెలిసింది అదే.

అప్పుడు తట్టింది. బావ టోకెన్ ఇక్కడుంటే... గేటు దగ్గర అతని మేకుకి ఏం తగిలించాడు? రెండూ ఒకే జేబులో. రెండూ ఇత్తడివే. చీకట్లో, గాలివానలో, వెనక వందమంది తోసుకుంటూంటే...

నీచే జాగా ఖాలీ నహీ రెహతా.

పరిగెత్తాను. కాళ్ళకి చెప్పులు లేవు. లైను దాటి, మురిక్కాలవ దాటి, వర్క్‌షాపు గోడ వెంబడి పరిగెత్తాను. వెనక అతను వస్తున్నాడు. మేకుల బూట్ల చప్పుడు వినపడుతోంది. కానీ రాతి మీద నడిచినట్టు వినపడుతోంది. నేను పరిగెత్తేది మడమలు మునిగే నీళ్ళలో.

గేటు మూసేశారు. కాబిన్లో కాపలా తీతూ దాదా లాంతరు పెట్టుకుని బీడీ కాలుస్తున్నాడు. బెంగాలీ ఆయన. మా లైన్లో అందరికీ తెలిసినవాడే.

"దాదా, మా బావ బైటికొచ్చినాడా? గోవిందరావు?"

"సొబాయ్ బేరియే గేఛే, దీదీ. అందరూ వెళ్ళిపోయారు. బోర్డు చూడు, ఒక్క మేకైనా ఖాళీ ఉందా?" అని లాంతరు పైకెత్తాడు. వెలుగు నా భుజం మీదుగా వెనక్కి పడింది.

దాదా నోట్లో బీడీ కింద పడిపోయింది. వెనక్కి వెనక్కి నడిచి, కాబిన్ తలుపు వేసుకుని, గడియ పెట్టుకున్నాడు. లాంతరు మాత్రం బయటే వదిలేశాడు.

నేను బోర్డు దగ్గరికెళ్ళాను. 1147 మేకుకి 31 వేలాడుతోంది. బావ వేసిన చిన్న రింగు తళతళమంటోంది.

అప్పుడే విన్నాను. కాళ్ళ కింద. గేటు ముందు కాలవ మీద ఇనప జల్లెడ ఉంటుంది, అందులోంచి. చాలా లోతు నుంచి. సుత్తితో ఇనుము మీద కొడుతున్న చప్పుడు.

"సత్యా..."

బావ గొంతు.

"బావా!"

"సత్యా... ఇక్కడ సీకటిగా ఉన్నాదే... దారి నేదు..."

బిళ్ళ తీయడానికి చెయ్యెత్తాను. 31 నా వేళ్ళకి తగిలింది. ఒక్క లాగు లాగితే చాలు.

"ఎ లిటిల్ వైల్," అన్నాడు అతను. కొంచెం సేపు.

వెనక్కి తిరిగాను. ఆ ఒక్కసారి నడుం ఎత్తి నిటారుగా నిలబడ్డాడు. ముఖం పైకెత్తి, నోరు తెరిచి, వాన తాగుతున్నాడు. చేతులు రెండూ పక్కకి చాచి... చిన్నపిల్లలు నిలబడినట్టు. చుట్టూ చేదు వాసన. నేల నిండా, గాలి నిండా. చెట్టన్నది లేని ఆ కొండలన్నీ మా గేటు ముందుకొచ్చి తడుస్తున్నట్టు. నేను ఎన్ని రాత్రులు కలగన్నానో అది. ఇతన్ని నేనే పైకి తెచ్చాను. నేనే మళ్ళీ కిందికి తోసెయ్యాలి.

నా చెయ్యి ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడు గోడ అవతల గూడ్సు బండి వచ్చింది. పెట్టె వెనక పెట్టె, పెట్టె వెనక పెట్టె, నేల అదురుతోంది. ఆ రొదలో కాలవ లోంచి వచ్చే చప్పుడు మునిగిపోయింది. నిజం చెప్పాలి. అది వినపడకపోయేసరికి నాకు హాయిగా అనిపించింది. ఈ బండి దాటేదాకా ఉండనీ, అనుకున్నాను. ఒక్క గూడ్సు బండి. ఎంతసేపని?

గార్డు పెట్టె ఎర్రదీపం వెళ్ళిపోయింది.

కింద చప్పుడు లేదు.

"బావా?"

లేదు.

"బావా!"

31 లాగేశాను. 1147 తగిలించాను. తడి వేళ్ళలోంచి రెండుసార్లు జారింది. వెనక్కి తిరిగితే, అతను మళ్ళీ తల వంచుకుంటున్నాడు. పొట్టి గుమ్మంలోకి దూరేవాడిలా మెల్లగా నడుం వంచాడు. నా వైపు చూడలేదు. కోపం లేదు, ఏడుపు లేదు. అలవాటైన పనికి వెళ్తున్నట్టు వంగాడు. అంతే... లేడు. తడి నేల మీద రెండు బూట్లంత మేర పొడిగా ఉంది. చూస్తూండగానే వాన దాన్ని తడిపేసింది.

గేటుకున్న చిన్న తలుపు లోపల్నుంచి తెరుచుకుంది. బావ వచ్చాడు. గోడ పట్టుకుని, ఒక్కొక్క అడుగే వేస్తూ.

లాంతరు ఎత్తాను. పొద్దున నున్నగా గీసుకుని వెళ్ళిన గెడ్డం రొమ్ము దాకా దిగింది. చేతి గోళ్ళు మొదళ్ళ దాకా అరిగిపోయాయి. నన్ను చూసి, గుర్తు పట్టడానికి చాలాసేపు పట్టింది అతనికి.

"సత్యా... ఎన్నాళ్ళయిందే?"

"సైరనై గంట కూడా అవలేదు బావా."

అతను నవ్వలేదు. "నువ్వు దగ్గరికొచ్చినావు. నీ గాజుల సప్పుడు ఇనపడింది. ఇంక తీసేస్తావనుకున్నాను," అన్నాడు. "తర్వాత ఏదో బండి వచ్చింది. ఆ బండి ఎన్నాళ్ళకీ అవనేదే."

లాంతరు కిందికి దించాను. ఇవాల్టికీ ఆ బండి సంగతి అతనికి చెప్పలేదు.

మర్నాడు బిళ్ళ మేడమ్ చేతిలో పెట్టి జరిగిందంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. రింగు ఊడదీసి, బిళ్ళ పెట్టెలో పెట్టి, తాళం వేసింది. అప్పుడు అడిగింది, "వాన చూశాడా?"

"సూసినాడు మేడమ్."

"అచ్ఛా," అని మిషను ముందు కూర్చుంది. తొక్కలేదు. మళ్ళీ నన్ను కుట్టుకి రమ్మనలేదు.

జ్యేష్ఠంలో కావాల్సిన పెళ్ళి శ్రావణంలో అయింది. బావ గెడ్డం గీసుకున్నాడు, డ్యూటీకి వెళ్తున్నాడు, జీతం తెస్తున్నాడు. ఏడిపించడం మాత్రం మానేశాడు. ఇంట్లో నడిచేటప్పుడు తల కాస్త వంచుకుంటాడు. మా అత్త అడిగితే మెడ పట్టేసిందంటాడు.

ఇంకొకటి. అన్నం తినేటప్పుడు కంచం అంచున ఒక ముద్ద తీసి పెడతాడు. తిన్నాక దాన్ని మంచం కింద, గచ్చు పగిలిన చోట పెడతాడు.

"ఎవలికి బావా అది?" అని అడిగాను మొదటి రోజు.

"కిందోలకి," అన్నాడు మామూలుగా. "ఆకలేస్తాది గదా."

పొద్దుటికి ముద్ద ఉండదు. ఎలకలనుకున్నాను. అలాగే అనుకుంటూ వచ్చాను.

పది రోజుల నుంచి రెండు ముద్దలు పెడుతున్నాడు. ఒకటి ఎప్పటిలాంటిదే. రెండోది చిన్నది, ఉసిరికాయంత. దానికి కూర కలపడు, కారం తగలనివ్వడు. వేలితో మెత్తగా మెదిపి, నోటితో ఊది చల్లార్చి, అప్పుడు పెడతాడు.

ఎవరికని నేను అడగలేదు. నాకు నెల తప్పిన సంగతి ఇంకా ఈ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.